జిగ్‌సాతో సన్‌మైకా, అల్యూమినియం, యాక్రిలిక్ కోయడం: నా అనుభవం

సన్‌మైకా అతికించిన ప్లై కోస్తుంటే అంచు పెచ్చులు లేస్తోందని, అదే జిగ్‌సాతో (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం) అల్యూమినియం, యాక్రిలిక్ కూడా కోయొచ్చా అని అడిగారు. కోయొచ్చు. మెషీన్‌ని అనుమానించకుండా ముందు బ్లేడు, పెండ్యులం నాబ్ (బ్లేడు ముందుకీ వెనక్కీ ఎంత ఊగాలో పెట్టేది, 0 అంటే ఊపు ఉండదు) చూడండి.

బెంగళూరులో మారతహళ్లి దగ్గర అద్దె ఇంట్లో ఉంటాను, బాల్కనీలోనే ఈ పనులన్నీ చేసుకుంటాను. వంటింటి షెల్ఫ్ కోసం మొదటిసారి 18 మి.మీ. ప్లై కోసినప్పుడు నాకూ ఇదే జరిగింది. పెట్టెలో వచ్చిన ముతక బ్లేడే వేసి, పెండ్యులం 3లో పెట్టి, బలంగా తోశాను. తెల్ల సన్‌మైకా అంచంతా ఎలుక కొరికినట్టయింది. చాలా బాధేసింది.

మామూలు జిగ్‌సా బ్లేడు పళ్లు పైకి చూస్తుంటాయి. బ్లేడు పైకి వచ్చేటప్పుడే కోస్తుంది కాబట్టి పెచ్చులు పైవైపే లేస్తాయి. అందుకే అందంగా కనపడాల్సిన ముఖాన్ని కిందికి తిప్పి, గీత వెనకవైపు గీయండి. పెండ్యులం 0, బ్లేడు టి101బి లాంటి సన్న పళ్లది. సింక్ కోసం పైనుంచే కోయాల్సి వస్తే, పళ్లు కిందికి ఉండే టి101బిఆర్ తీసుకోండి. అది మెషీన్‌ని పైకి ఎగదోస్తుంది, బేస్ ప్లేటుని గట్టిగా అదిమి పట్టుకోవాలి. గీత మీద మాస్కింగ్ టేప్ వేస్తే ఇంకా మంచిది. ఎంత మంచి బ్లేడైనా తోస్తే లోపల వంగుతుంది, అప్పుడు పైన గీత మీదే ఉన్నా కింద పక్కకి పోతుంది.

పల్చటి అల్యూమినియం రేకు అయితే ఇనుము కోసే సన్న పళ్ల బ్లేడు వేయండి. రేకు మందంలో కనీసం రెండు మూడు పళ్లు పడాలి, లేకపోతే పళ్లు తగులుకుని రేకు ఎగిరిపడుతుంది. పెండ్యులం 0, స్పీడు తక్కువ, గీత మీద రెండు చుక్కల నూనె. రేకుని రెండు ప్లై ముక్కల మధ్య క్లాంపులతో బిగించి మూడూ కలిపి కోస్తాను. ఈ ఒక్క పద్ధతితోనే నాకు టెన్షన్ పోయింది.

యాక్రిలిక్‌కి స్పీడే అసలు సమస్య. ఎక్కువైతే అంచు కరిగి, కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది. పైనున్న కాగితం తీయకుండా మెల్లగా కోయండి.

బ్లేడ్లు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి. వెళ్లేముందు మీది టి షాంకా, యు షాంకా (మెషీన్‌లో బిగిసే బ్లేడు చివర ఆకారం) చూసుకోండి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. బ్లేడు మార్చేముందు ప్లగ్గు తీసేయండి, కోసిన వెంటనే ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

అసలు పలక ముట్టుకునే ముందు, అదే ప్లై తుక్కు ముక్క మీద ఓ జానెడు కోసి అంచు చూడండి. అప్పటికీ పెచ్చులు లేస్తుంటే ఏ బ్లేడు వేశారో, పెండ్యులం ఎంతలో ఉందో రాయండి.