రేష్ అల్ గూలా, రాస్ అల్ గూలా?

బ్యాట్‌మ్యాన్ విలన్ల మీద వీడియో చేస్తుంటే, ఈ పేరు ఎలా పలికినా కామెంట్లలో ఎవరో ఒకరు తప్పుపడుతున్నారు అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, రెండిటికీ ఆధారం ఉంది.

ఈ పాత్ర 1971లో వచ్చింది. కథ రాసిన డెన్నిస్ ఓనీల్ చెప్పింది "రేష్" అనే. 1990ల నాటి బ్యాట్‌మ్యాన్ కార్టూన్ సీరియల్‌లోనూ అదే వినిపిస్తుంది. 2005 నాటి బ్యాట్‌మ్యాన్ బిగిన్స్ సినిమాలో మాత్రం "రాస్" అన్నారు. కార్టూన్‌తో పెరిగినవాళ్లకీ, సినిమాతో మొదలుపెట్టినవాళ్లకీ అక్కడే పేచీ. పేరు అరబిక్‌ది. అరబిక్‌లో చివర "స్" యే, "ష్" లేదు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఎస్ ముందు పైన కనిపించే కామా లాంటి గుర్తు ఉత్త అలంకారం కాదు. అక్కడ గొంతులో గాలి ఒక్క క్షణం ఆగాలి: "ర", చిన్న విరుపు, తర్వాత "స్".

నన్నడిగితే, మీది కామిక్స్ వీడియో కాబట్టి "రేష్" అనే అనండి. పాత్రను పుట్టించినవాళ్ల మాటకు విలువ ఇవ్వాలి. సినిమాలో "రాస్" అంటారని మొదట్లోనే ఒక్క ముక్క చెప్పేయండి, మధ్యలో మాత్రం మార్చకండి. అన్నట్టు, "గూల్"కి దీర్ఘం ఉంది, "గుల్" అనకండి.