లెవెల్ 5 బోర్డు చూసి ఉద్యోగం ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి టెక్కలిలో బీటెక్ సీఎస్‌ఈ పూర్తిచేసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లోని పెద్ద సేవల సంస్థ. సీఎంఎంఐ లెవెల్ 5, ఐఎస్‌ఓ 9001 అనే సర్టిఫికెట్లు ఉన్నాయని ఆఫర్ లెటర్ మీదే అచ్చువేశారు. రెండోది విశాఖపట్నంలో నలభై మంది పనిచేసే చిన్న సంస్థ. ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది, సర్టిఫికెట్లేవీ లేవు. ఇంటర్వ్యూలో పాడైన ప్రోగ్రామొకటి చేతికిచ్చి బాగుచేయమని మూడు గంటలు కూర్చోబెట్టారట. జీతంలో పెద్ద తేడా లేదు. లెవెల్ 5 అంటే అక్కడ తయారయ్యే సాఫ్ట్‌వేర్ మేలైనదనే కదా, అలాంటి చోటే పని నేర్చుకోవాలి కదా అన్నది నా ఆలోచన. అమ్మాయి మనసు విశాఖ వైపు ఉంది. ఇది కాక, ఇక్కడి శిక్షణ సంస్థ ఒకటి ‘ప్రాసెస్ క్వాలిటీ’ సర్టిఫికెట్ కోర్సు చేయిస్తే ఎక్కడికెళ్లినా విలువ ఉంటుందంటోంది. ఫీజు పాతిక వేలు. ఏం చేయమంటారు?
– ఒక జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: లెవెల్ 5 ఉన్నంత మాత్రాన అక్కడి సాఫ్ట్‌వేర్ మేలైనదని చెప్పలేమండీ. ఆ సర్టిఫికెట్ ఆ మాట చెప్పదు. చెబుతోందని మనం అనుకునేలా దాన్ని ఆఫర్ లెటర్ల మీద అచ్చువేస్తారు. అలాగని అది ఉత్త కాగితమని ఎవరైనా కొట్టిపారేస్తే అదీ నమ్మకండి.

మీ వ్యాపారంతోనే చెబుతాను. డబ్బా మీద డబ్ల్యూ-320 అని ఉంటే కొనేవాడికి లోపలి సరుకు గురించి తెలుస్తుంది: తెల్లని పూర్తి పప్పు, పౌనుకు 300 నుంచి 320 వరకు తూగుతుంది. అనుమానం ఉంటే డబ్బా విప్పి లెక్కపెట్టుకుంటాడు. సీఎంఎంఐ లెవెల్ అలాంటి గ్రేడు కాదు. అది పప్పును చూడదు. కాల్చడానికి, కొట్టడానికి, పొట్టు తీయడానికి, ఏరడానికి పద్ధతులు రాసుకున్నారా, రాసుకున్నట్టే చేస్తున్నారా, లెక్కలు ఉంచుతున్నారా అని చూస్తుంది. పద్ధతి బాగుంటే పప్పు బాగుండే అవకాశం పెరుగుతుంది, కాదనను. కానీ పుచ్చు గింజలు కొని తెచ్చి ఎంత పద్ధతిగా కాల్చినా డబ్బాలోకి ఏం వెళుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ లెవెళ్ల పద్ధతి ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. అమెరికా రక్షణ శాఖ సాఫ్ట్‌వేర్ పనులను కాంట్రాక్టర్లకు అప్పగించేది. గడువులు దాటేవి, ఖర్చులు పెరిగేవి. ఏ కాంట్రాక్టరుకు పని చేసిపెట్టే సత్తా ఉందో ముందే అంచనా వేయడం ఎలా అన్నది ఆ శాఖ సమస్య. దాని నిధులతోనే 1984లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఐబీఎం నుంచి వచ్చిన వాట్స్ హంఫ్రీ నాయకత్వంలో ఐదు మెట్ల నమూనా అక్కడ రూపుదిద్దుకుంది. 1991లో సీఎంఎం పేరుతో వెలువడి, తర్వాత సీఎంఎంఐగా మారింది. 2016 నుంచి ఇసాకా అనే సంస్థ చేతిలో ఉంది. మొదటి మెట్టు మీద ఉన్న సంస్థలో పని మనుషుల చొరవ మీద ఆధారపడి ఎలాగో నెట్టుకొస్తుంది. ఐదో మెట్టుకు చేరిన సంస్థ తన పనిని అంకెల్లో కొలుచుకుంటూ, ఆ అంకెలను బట్టి తన పద్ధతిని తానే సరిదిద్దుకుంటూ ఉండాలి.

అంటే అది పని అప్పగించేవాడి అవసరం కోసం పుట్టిన కొలబద్ద. 1990లలో మన దేశపు సంస్థలు దాని వెంట పడడానికి కారణమూ అదే. సముద్రాల అవతలి క్లయింటుకు మనవాళ్ల ముఖమూ తెలియదు, పనితనమూ తెలియదు. లెవెల్ 5 అంటే కనీసం మాట్లాడడానికి పిలిచేవాడు. ఇప్పటికీ టెండర్లలో సీఎంఎంఐ లెవెల్ అడగడం మామూలే. కాబట్టి ఆ పెద్ద సంస్థ దాన్ని సంపాదించుకోవడంలో తప్పేమీ లేదు, వ్యాపారం కోసం తప్పదు. అయితే మీ అమ్మాయి అక్కడ పని అప్పగించబోవడం లేదు, పని చేయబోతోంది. ఆమె తెలుసుకోవలసినవి వేరే ఉన్నాయి.

పద్ధతికీ నాణ్యతకీ మధ్య సందు ఎక్కడుంటుందో చూపడానికి మా విద్యార్థులకు నేను ఏరియాన్-5 సంగతి చెబుతుంటాను. 1996 జూన్ 4న ఆ యూరప్ రాకెట్ తొలి ప్రయోగంలోనే దాదాపు 40 సెకన్లకు పేలిపోయింది. రాకెట్ ఎటు పోతోందో లెక్కగట్టే పరికరంలోని ప్రోగ్రామును పాత ఏరియాన్-4 నుంచి తెచ్చుకున్నారు. అందులో ఒకచోట 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చాలి. కొత్త రాకెట్ అడ్డంగా సాగే వేగం పాతదానికంటే ఎక్కువ కావడంతో ఆ సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. ప్రధాన పరికరానికి తోడుగా మరొకటి పెట్టారు గాని, రెండింట్లోనూ అదే ప్రోగ్రాము కనుక రెండూ ఒకే తీరున ఆగిపోయాయి. ఇంకా విచిత్రం ఏమిటంటే, రాకెట్ నేల విడిచాక ఆ లెక్కతో అవసరమే లేదు! అక్కడ పద్ధతులు లేవా అంటే, పుష్కలంగా ఉన్నాయి. సమీక్షలు జరిగాయి. ఆ సంఖ్యకు ప్రత్యేక రక్షణ అక్కరలేదన్న నిర్ణయం కూడా అందరూ కూర్చుని చర్చించి తీసుకున్నదే. కొత్త రాకెట్ ప్రయాణమార్గపు వివరాలు మాత్రం ఆ పరికరపు అవసరాల పత్రంలోకి ఎక్కలేదు. పత్రంలో లేనిదాన్ని ఎవరూ పరీక్షించలేదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. నాసా స్పేస్ షటిల్‌ను నడిపే ప్రోగ్రామును హూస్టన్‌లో ఒక బృందం రాసేది. మొదట ఐబీఎంలో ఉండి, తర్వాత వేరే సంస్థల చేతికి మారింది. 1989లోనే దానికి లెవెల్ 5 గుర్తింపు వచ్చింది. 1990ల మధ్యనాటికి 4,20,000 వరుసల ఆ ప్రోగ్రాములో, చివరి మూడు విడుదలల్లో ఒక్కోదానిలో ఒక్కొక్క తప్పే బయటపడింది. తప్పు దొరికితే దిద్దేసి చేతులు దులుపుకునేవారు కాదు. అది లోపలికి ఎలా వచ్చింది, ఏ తనిఖీలో దొరకాల్సింది, ఎందుకు దొరకలేదు, ఇలాంటివే ఇంకెక్కడైనా దాక్కున్నాయా అని తవ్వేవారు. రాసేవాళ్లు ఒక జట్టు, తప్పులు పట్టేవాళ్లు ఇంకో జట్టు. ఇద్దరి మధ్యా గట్టి పోటీ. అయితే వాళ్లకు ఒకటే ప్రోగ్రాము, ఒకటే క్లయింటు, కోట్ల డాలర్ల బడ్జెట్టు. మీ ఆఫర్ లెటర్ మీద ఉన్నదీ అదే ఐదు. దాని వెనక అదే శ్రద్ధ ఉందో లేదో ఆ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు.

ఎందుకు చెప్పలేరంటే, మదింపు జరిగే తీరు అలాంటిది. సంస్థ మొత్తానికి జరగనక్కరలేదు. ఫలానా నగరంలోని ఫలానా విభాగం అని ముందే గిరిగీసుకుని, అంతవరకే మదింపు చేయించుకోవచ్చు. ఆ విభాగంలో కూడా ప్రతి ప్రాజెక్టునూ తిరగేయరు, కొన్నిటిని చూస్తారు. 2018లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఆ కొన్నిటిని సంస్థే తనకు నచ్చినట్టు ఏరుకునే వీలు లేకుండా యాదృచ్ఛికంగా తీస్తున్నారు. అది మంచి మార్పు. ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. ప్రచురించిన ఫలితాలను సీఎంఎంఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. విభాగం పేరు, లెవెల్, గడువు కనిపిస్తాయి. ఆఫర్ లెటర్‌లోని లెవెల్ 5 ఇంకా బతికే ఉందా, అమ్మాయి చేరబోయే విభాగం అందులో ఉందా అని ఆమెనే చూడమనండి. పది నిమిషాల పని.

ఐఎస్‌ఓ 9001 గురించి ఇంత అక్కరలేదు. 1987లో మొదలైన ఆ ప్రమాణం ఏ వ్యాపారానికైనా వర్తిస్తుంది, కావాలంటే మీ జీడి ఫ్యాక్టరీకీ తెచ్చుకోవచ్చు. సర్టిఫికెట్ ఇచ్చేది ఐఎస్‌ఓ కాదు, వేరే ఆడిట్ సంస్థలు. సాఫ్ట్‌వేర్ ఉత్పత్తి నాణ్యతను వివరించడానికి ఐఎస్‌ఓలోనే 25010 అనే వేరే ప్రమాణం ఉంది. అది ఉన్నట్టు ఏ ఆఫర్ లెటర్ మీదా నేను చూడలేదు.

ఇక లోపలి సంగతి. సెలవులకు వచ్చిన మా పాత విద్యార్థులు చెప్పే కథల్లో ఒకటి తరచూ వినిపిస్తుంది: ఆడిట్ తేదీ దగ్గరపడగానే పత్రాల జాతర. కోడ్ రివ్యూ అంటే ఒకరు రాసిన ప్రోగ్రామును ఇంకొకరు చదివి చూడడం. జరగని రివ్యూకు రివ్యూ రికార్డు, పాత తేదీతో. ఆ రాతపని సాధారణంగా పడేది కొత్తగా చేరిన పిల్లల మీదే. తప్పుల సంఖ్యను బట్టి టీముకు మార్కులు వేసేచోట తప్పులు తగ్గవు, తప్పులను నమోదు చేయడం తగ్గుతుంది. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని అనను. అవే పెద్ద సంస్థల్లో మొదటి కొన్ని నెలల శిక్షణ బాగుంటుంది. మార్పు చేస్తే ఎందుకు చేశామో రాసిపెట్టడం, అనుమతి లేనిదే క్లయింటు వాడుతున్న సిస్టమ్ మీద చేయివేయకపోవడం లాంటి అలవాట్లు అక్కడే ఒంటబడతాయి. ఆ అలవాట్లు లేని చిన్న సంస్థలో చేరి, నేరుగా ఆసుపత్రి సర్వర్‌లోనే కోడ్ మార్చేయడం నేర్చుకుంటే, రెండేళ్ల తర్వాత వదిలించుకోవడం కష్టం.

అందుకే విశాఖ సంస్థను కూడా ఊరికే నమ్మమనను. మూడు ప్రశ్నలు అడగాలి, హెచ్‌ఆర్‌ను కాదు, పని చేయించబోయే టీమ్ లీడ్‌ను. నేను రాసిన కోడ్ ఆసుపత్రికి వెళ్లేముందు ఎవరు చదువుతారు? కొత్త వెర్షన్ పెట్టాక బిల్లులు తప్పుగా వస్తే పాతదానికి ఎంతసేపట్లో తిరిగి వెళ్లగలరు? ఈ మధ్య పెద్ద తప్పు ఏది జరిగింది, దాని తర్వాత మీరు మార్చుకున్నదేమిటి? మూడోది అన్నిటికంటే ముఖ్యం. ‘బీమా రోగులకు ఒకే పరీక్షకు రెండుసార్లు బిల్లు పడింది, అప్పటినుంచి ఆ రకం బిల్లులన్నిటినీ ప్రతి విడుదలకు ముందు ఆటోమేటిక్‌గా పరీక్షిస్తున్నాం’ అన్న ధోరణిలో జవాబు వస్తే, హూస్టన్‌వాళ్లు చేసిన పనే వీళ్లు తమ స్థాయిలో చేస్తున్నారన్నమాట. ‘మా దగ్గర తప్పులు జరగవండి’ అంటే అక్కడ చేరవద్దు. పాడైన ప్రోగ్రామిచ్చి మూడు గంటలు బాగుచేయించారంటే నాకు మాత్రం ఆశగానే ఉంది. బట్టీపట్టిన ప్రశ్నలు అడిగి పంపేసేవాళ్లు ఎక్కువైన రోజుల్లో, అంత సమయం ఒక ఫ్రెషర్ మీద పెట్టినవాళ్లకు పని మీద పట్టింపు ఉందనుకోవచ్చు.

పెద్ద సంస్థనూ అడగాలి: ఏ ప్రాజెక్టు, కోడ్ రాయడమా, టెస్టింగా, సపోర్టా, ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద ఎన్నాళ్లు ఉంచుతారు? చేరేదాకా చెప్పలేమనే అంటారు. పెద్ద సంస్థల తీరే అంత, తప్పుపట్టనక్కరలేదు. కానీ ఏ పని చేయబోతోందో తెలియని చోట ఆ పని నాణ్యంగా ఉంటుందని లెవెల్ చూసి నమ్మడం ఎలాగో మీరే ఆలోచించండి.

నాణ్యతతో సంబంధం లేని జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. చిన్న సంస్థలో జీతం నెలనెలా వేళకు పడుతోందా, పీఎఫ్ కడుతున్నారా అని అక్కడ ఏడాదికి మించి పనిచేసిన వ్యక్తిని ఎవరినైనా అడిగించండి. కంపెనీ నమోదు వివరాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. బాండ్ ఎక్కడున్నా పూర్తిగా చదివాకే సంతకం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చేయకండి, చూపించి వెనక్కి తీసుకోవాలి.

పాతిక వేల కోర్సు వద్దు. సీఎంఎంఐ లెవెల్ సంస్థలకు ఇస్తారు, మనుషులకు కాదు. వ్యక్తుల కోసం ఉన్న శిక్షణలు మదింపులు చేసేవాళ్లకు, ఆ పనిలో ఏళ్లు గడిపినవాళ్లకు ఉపయోగం. కాలేజీ నుంచి ఇప్పుడే బయటికొచ్చిన అమ్మాయి బయోడేటాలో ఆ మాట చూసి పిలిచేవాళ్లు నాకు తెలిసి లేరు. టెస్టింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్ష ఉంది: 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 మార్కులు వస్తే ఉత్తీర్ణత. సిలబస్ ఉచితంగా దొరుకుతుంది, కోచింగ్ లేకుండానే చదువుకోవచ్చు. అదీ ఉద్యోగంలో చేరి ఆరు నెలలు గడిచాక చూసుకోవచ్చు.

మొత్తానికి నా మొగ్గు మీ అమ్మాయి వైపే, మూడు ప్రశ్నలకు సరైన జవాబులు వస్తేనే సుమా. రాకపోతే హైదరాబాద్ వెళ్లమనండి, శిక్షణైనా దక్కుతుంది. పెద్ద సంస్థ ఆఫర్‌ను ఆలోగా వదులుకోవద్దు. జవాబు చెప్పడానికి ఇచ్చిన గడువు ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది, చూడండి. ఇంకో మాట, విశాఖకు ఫోను అమ్మాయే చేయాలి. మీరు చేస్తే హెచ్‌ఆర్ వాళ్లు ఎంతో మర్యాదగా మాట్లాడి పెట్టేస్తారు, టీమ్ లీడ్ దాకా పోనివ్వరు.