ఈవా స్మిత్‌ను వేదిక ఎక్కించకండి

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో మీ కాలేజీ వార్షికోత్సవానికి జె.బి. ప్రీస్ట్‌లీ నాటకం ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ను తెలుగులో వేస్తున్నారు. చనిపోయిన కార్మికురాలు ఈవా స్మిత్ నాటకంలో ఎక్కడా కనిపించదు. ఆమెను ఫ్లాష్‌బ్యాక్‌లలో చూపించాలా, లేక చివర్లో మన తిరుపతి గ్రామదేవత గంగమ్మలా తిరిగి రప్పించాలా అని.

రెండూ వద్దు. ముందు ఫ్లాష్‌బ్యాక్ సంగతి. కథ 1912లో, ఇంగ్లండ్‌లోని బ్రమ్లీ అనే కల్పిత పారిశ్రామిక నగరంలో జరుగుతుంది. ఫ్యాక్టరీ యజమాని బర్లింగ్ ఇంట్లో విందు జరుగుతుండగా ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఈవా చావు గురించి ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే అడుగుతాడు. సమ్మె చేసిందని బర్లింగ్ ఆమెను పనిలోంచి తీసేశాడు. కూతురు షీలా బట్టల షాపులో ఉద్యోగం ఊడగొట్టింది. కాబోయే అల్లుడు జెరాల్డ్ కొన్ని నెలలు ఉంచుకుని వదిలేశాడు. కొడుకు ఎరిక్ వల్ల కడుపొచ్చింది. చివరికి ధర్మసంస్థకు వెళ్తే అక్కడ పెద్దగా కూర్చున్న బర్లింగ్ భార్య సాయం అందకుండా చేసింది. మూడో అంకంలో జెరాల్డ్ ఒక మెలిక పెడతాడు: ఇదంతా ఒకే అమ్మాయి అని ఎలా అనుకున్నాం, వేరువేరు అమ్మాయిలై ఉండొచ్చుగా అని. మీరు అప్పటికే ఒక నటిని ఐదు ఫ్లాష్‌బ్యాక్‌లలో చూపించేసి ఉంటే ఆ మాటకు విలువ లేదు, మూడో అంకం అక్కడికక్కడే కూలిపోతుంది. ఒకే అమ్మాయైనా, ఐదుగురైనా మనం చేసిన పనులు చేసినవే కదా అని షీలా, ఎరిక్ అంటారు. నాటకం అసలు మాట అదే. అది ప్రేక్షకుడికి చేరాలంటే అతని కళ్ళముందు ఒక ముఖం స్థిరపడకూడదు.

ఇన్‌స్పెక్టర్ తెచ్చే ఈవా ఫొటో విషయంలో రిహార్సల్ నుంచే జాగ్రత్త పడండి. అది పోస్టుకార్డు సైజు ఫొటో, సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు. ఇన్‌స్పెక్టర్ దాన్ని ఒకసారి ఒక్కరికే చూపిస్తాడు. ముందు బర్లింగ్‌కు, తర్వాత షీలాకు, ఆ తర్వాత ఆమె తల్లికి. జెరాల్డ్, ఎరిక్ తొంగిచూడబోతే అడ్డం నిలబడతాడు, వాళ్ళకు చూపించడు. మామూలుగా జరిగే తప్పేమిటంటే, నటుడు ఫొటోను హాలు వైపు తిప్పి పట్టుకుంటాడు, ముందు వరుసలో వాళ్ళకు తెలిసిన అమ్మాయి ముఖం కనబడుతుంది, నవ్వులు మొదలవుతాయి. వెనక నల్ల అట్ట అంటించండి. ఫొటోను ఛాతీ ఎత్తులో, చూసేవాళ్ళ ముఖానికి దగ్గరగా పట్టుకోమనండి. మూడుసార్లకు మూడు వేరే ఫొటోలు ఇచ్చినా మంచిదే. చూసేవాళ్ళ ముఖంలో మార్పు ఒక్కటే జనానికి కనబడాలి.

ఆమెను ‘పాపం’ అనిపించేలా రాయకండి. పనిమంతురాలని, పెద్ద పనికి ఎక్కించాలని ఫోర్‌మన్ కూడా అన్నాడని బర్లింగే ఒప్పుకుంటాడు. ఆమె, తోటివాళ్ళు అడిగిందల్లా వారానికి 22 షిల్లింగుల 6 పెన్నీల బదులు 25 షిల్లింగులు. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే పెంపు రెండున్నర షిల్లింగులు, ఏడాదికి ఆరున్నర పౌన్లు. ఎరిక్ ఆమెకిచ్చిన దొంగసొమ్ము మొత్తం సుమారు 50 పౌన్లు, ఆమె పాత జీతం ప్రకారం 44 వారాల కూలి. అది దొంగసొమ్మని తెలిశాక, కడుపుతో ఉండి కూడా, ఇక తీసుకోనంది. ఈ లెక్క మీ అనువాదంలో కచ్చితంగా వినబడాలి. షిల్లింగులు మన జనానికి తలకెక్కకపోతే 9కి 10 అనే నిష్పత్తి చెడకుండా రూపాయల్లోకి మార్చుకోండి: నెలకు 9 వేలు ఇస్తుంటే 10 వేలు అడిగారు. ఎరిక్ సొమ్ము అప్పుడు 90 వేల పైచిలుకు. నిష్పత్తి చూడకుండా జీతాన్ని రెట్టింపు అడిగినట్టు రాస్తే బర్లింగ్ చెప్పేదే న్యాయంగా ఉందనిపిస్తుంది, కష్టమంతా వృథా.

పేరు మార్చాలనుకుంటే ఊళ్ళో పది మందికి ఉన్న పేరే పెట్టండి. స్మిత్ ఇంగ్లండ్‌లో అలాంటి పేరు. చిత్తూరు వైపు మునెమ్మ, మునిలక్ష్మి సరిగ్గా కుదురుతాయి. కవితాత్మకమైన పేరు పెడితే ఆమె లక్షలమందిలో ఒకరు కాకుండా కథానాయిక అయిపోతుంది. ఆమె చావడానికి తాగింది కూడా ఫినాయిల్ అనే అనండి. క్రిమిసంహారకం అంటే మన ప్రాంతంలో పురుగుమందు అనుకుంటారు, మనసు వేరే కథకు, అప్పులపాలైన రైతు కథకు వెళ్ళిపోతుంది. చావును వేదిక మీద నటించొద్దు, సీసా కూడా చూపించొద్దు. ఇన్‌స్పెక్టర్ ఆ వాక్యాన్ని సాదా గొంతుతో చెప్తే చాలు.

గంగమ్మ ఆలోచన ఎందుకు వచ్చిందో నాకు అర్థమవుతోంది. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి వేషాలు మార్చి వెంటాడి చంపిన తల్లి కథ తాతయ్యగుంట జాతరలో ఏటా చూసేవాళ్ళకు ఈ నాటకం కూడా అలాగే ముగియాలనిపిస్తుంది. కానీ దేవత వచ్చి శిక్షిస్తే హాల్లో కూర్చున్నవాళ్ళు చేయాల్సిన పనేమీ మిగలదు. ప్రీస్ట్‌లీ సోషలిస్టు, ఆయన నాటకంలో శిక్షించే చెయ్యి రాదు, ఒకరికొకరం బాధ్యులమని ఇన్‌స్పెక్టర్ చెప్పి వెళ్ళిపోతాడు. పగ తీరిన తృప్తితో జనాన్ని ఇంటికి పంపకండి.

కార్మికురాలిని కళ్ళారా చూపించాలని ఉంటే, ఆమె ఇప్పటికే వేదిక మీద ఉంది. ఇంట్లో పనిచేసే ఎడ్నా. మాటలు కొన్నే. అందుకే ఆ పాత్రను ఎవరో ఒకరికి అంటగడతారు. మంచి నటికి ఇవ్వండి. విందు గ్లాసులు తీసే చేతులు కనబడేలా ట్రేను నడుము ఎత్తులో పట్టుకుని, ఎవరూ ఆమె ముఖం చూడకుండా మాట్లాడుకుంటుంటే మధ్యలోంచి నడవనివ్వండి. ఇన్‌స్పెక్టర్ వచ్చాడని చెప్పేదీ ఆమే.

లైట్లకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. విందు సాగినంతసేపూ గులాబీ రంగు జిలెటిన్ పేపరు, ఇన్‌స్పెక్టర్ రాగానే తెల్లటి గట్టి వెలుగు. అయిదు లెక్కపెట్టేలోగా మారాలి, ఒక్కసారిగా కాదు. చివర్లో, వచ్చి వెళ్ళినవాడు అసలు ఇన్‌స్పెక్టరే కాదని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక మోగే ఫోను మోత హాలు స్పీకర్లలోంచి కాకుండా వేదిక మీదున్న ఫోను పక్కనుంచే రావాలి. మోగిన తర్వాత బర్లింగ్ వెంటనే ఎత్తకూడదు. ఇప్పుడే ఒక అమ్మాయి చనిపోయిందని, పోలీసు ఇన్‌స్పెక్టర్ బయలుదేరాడని అతను చెప్పాక అందరూ కదలకుండా ఉండగానే తెర దించండి. ఆ మీద పాట గానీ మ్యూజిక్ గానీ వేయకండి.