బ్రూనోని ఇచ్చేసే ముందు

చిన్నీ,

నీ కుక్క బ్రూనోని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సోఫా చింపేశాడట, తలుపు గీకేశాడట, కింద ఫ్లాట్ వాళ్లు అసోసియేషన్‌కి చెప్పారట. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. కానీ ఏ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో దింపేసి రాకుండా ఇంతగా ఆలోచిస్తున్నావు చూడు, అందుకు గర్వంగా ఉంది తల్లీ. అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, అయినా చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు.

డాక్టరుకి ఒకసారి చూపించు. రేబిస్ టీకా తేదీ చూసుకో. ఎండాకాలం కదా, పొద్దున ఆరులోపే తిప్పుకురా.

11 నెలల లాబ్రడార్ అంటే ఉడుకు రక్తపు కుర్రాడే. వాటి పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట చన్నీళ్లలో దూకి వలలు లాగేవి, జారిపోయిన చేపల్ని నోట కరుచుకొచ్చేవి. అలాంటివాణ్ణి పొద్దస్తమానం ఫ్లాట్‌లో ఒక్కణ్ణే పెట్టి తాళం వేస్తే నోటికి పని వెతుక్కోడా? నువ్వు వెళ్లాక ఏం చేస్తున్నాడో పాత ఫోనొకటి పెట్టి వీడియో తియ్యి. తలుపు వేసిన కాసేపటికే అరుస్తూ, చొంగ కారుస్తూ ఆ తలుపునే గీకుతుంటే అది ఒంటరిగా ఉండలేని భయం. దానికి డాక్టరు సలహా కావాలి, తిడితే ఇంకా ముదురుతుంది. హాయిగా నిద్రపోయి లేచి, ఆ తర్వాత సోఫా మీద పడితే అది ఊసుపోక. అప్పుడు వాడికి పని చెప్పాలి. నడకలో వాసనలు చూసుకోనివ్వు, లాక్కుపోకు. తిండి గిన్నెలో పెట్టకుండా పాత తువ్వాల్లో చుట్టి వెతుక్కోనివ్వు. మధ్యాహ్నం వచ్చి తిప్పే మనిషిని పెట్టుకో. లాబ్రడార్లు నెమ్మదించడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అంత ఓపిక నీకుందా లేదా అన్నది నువ్వే చూసుకోవాలి.

ఇక వాణ్ణి పంపుదామనుకుంటున్న ఆ నూజివీడు మామిడితోట సంగతి. "బోలెడు చోటుందట" అని మీ అమ్మ అనగానే నా గుండెల్లో రాయి పడింది. నువ్వు పుట్టకముందు మీ తాతయ్య సరిగ్గా ఈ పనే చేశారు. మనింట్లో టైగర్ అని ఆల్సేషన్ ఉండేది. పెరట్లో చామంతులు పీకేది, ఆరేసిన చీరలు చింపేది. నాయనమ్మ పోరు పడలేక తాతయ్య దాన్ని తెలిసినవాళ్ల తోటకి పంపేశారు, చోటుంది, పరిగెత్తుకుంటుంది, సుఖపడుతుందని. సంక్రాంతికి చూడ్డానికి వెళ్తే పంపు షెడ్డు పక్కన గొలుసుకి కట్టేసి ఉంది. ఆ గొలుసు అందినంత మేర గడ్డి చచ్చిపోయి నేల గుండ్రంగా నున్నబడింది. మెడ చుట్టూ బొచ్చు ఊడి ఎర్రటి చర్మం బయటపడింది. తోటవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వేళకి తిండి పెట్టారు. వాళ్లకి కావాల్సింది కాపలా కుక్క. తాతయ్య అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. తెల్ల పంచెతో ఆ మట్టిలోనే కూర్చుని విప్పి ఇంటికి తెచ్చారు గానీ, చివరిదాకా మెడ దగ్గర చెయ్యి వేస్తే చాలు కరవబోయేది. ఆ తర్వాత ఎవరు కుక్క మాటెత్తినా తాతయ్య లేచి బయటికి వెళ్లిపోయేవారు.

అందుకే, ఎంత చోటుందని అడగకు. పగలు ఇంట్లో ఎవరుంటారు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, కట్టేస్తారా? ఇవి అడుగు, నువ్వే వెళ్లి చూసిరా. ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించు, లేకపోతే కుక్కపిల్లల్ని అమ్ముకునేవాళ్ల పాల పడతాడు. నెట్‌లో ఫ్రీ అని పెట్టనే పెట్టకు. చింపే అలవాటు దాచావంటే వాళ్లు ఇంకొకళ్లకి అంటగడతారు. కుదరకపోతే తిరిగి నీకే ఇవ్వాలని కాగితం రాయించుకో.

ఇంత చూసి ఇచ్చాక నిన్నెవరూ ఒక్క మాట అనడానికి లేదు, అన్నవాళ్లతో నేను మాట్లాడతా. ఆఫీసు నుంచొచ్చి ఏడుస్తూ ఇల్లు సర్దుకుంటున్నావట, పిచ్చిపిల్లా, ముందు వేళకి తిను. శనివారం బస్సెక్కి వస్తున్నా, ఓ వారం ఉంటా. అప్పటిదాకా ఎవరికీ మాటివ్వకు, ఆ వీడియో మాత్రం తీసి ఉంచు.

మీ బాబాయ్