రావచ్చు, రాగలదు: ఏది ఎక్కడ?

సందేహం: ఒక ఆరోగ్య శీర్షికలో ‘మూత్రంలో రక్తం – సాధ్యమైన కారణాలు’ అన్న మకుటం కింద ‘మూత్రపిండాలలోని రాళ్ళు రక్తస్రావాన్ని కలిగించగలవు’, ‘క్యాన్సర్ ఉండే అవకాశం కూడా ఉంది’ అన్న వాక్యాలు చదివాను. అర్థం తెలుస్తూనే ఉన్నా ఎక్కడో తేడాగా అనిపించింది. ఇవి సరైన ప్రయోగాలేనా? ‘సంభావ్య కారణాలు’ అంటే మేలా?

సమాధానం: మీకు తేడాగా అనిపించడం సబబే. ‘సాధ్యం’ అంటే సాధించదగినది, సాధించ వీలైనది. ‘రేపటికల్లా ఈ పని పూర్తిచేయడం సాధ్యమా?’ అని అడుగుతాం. అదీగాక, చికిత్సకు లొంగే వ్యాధులు సాధ్యాలనీ లొంగనివి అసాధ్యాలనీ ఆయుర్వేద గ్రంథాలు ఏనాడో విభజించి చెప్పాయి కనుక, ఆ పరిభాష కాస్తో కూస్తో తెలిసిన పాఠకుడు ‘సాధ్యమైన కారణాలు’ అన్న మకుటం చూసి, ఇవి నయంచేయడానికి వీలైనవి కాబోలు అనుకున్నా ఆశ్చర్యం లేదు. ‘సంభావ్య’ తప్పు కాదు, గణితంలో ‘సంభావ్యత’ స్థిరపడిన మాటే. అయితే కంగారులో ఉన్న రోగి చదవవలసిన వ్యాసానికి అది బరువు. అసలు ఈ ఊహార్థం తెలుగులో విశేషణంలో కాక క్రియలో ఇమిడి ఉంటుంది. ‘మూత్రంలో రక్తం ఎందుకు పడవచ్చు?’ అంటే చాలు, మకుటం పూర్తయినట్లే.

ఇక ‘కలిగించగలవు’ సంగతి. ‘గల’ శక్తిని చెబుతుంది. శక్తి మనుషులకే ఉండాలన్న నియమమేమీ లేదు. ‘ఈ వంతెన పది టన్నుల బరువు మోయగలదు’ అన్నది మంచి తెలుగే. కాని మూత్రపిండంలోని రాయి తన సామర్థ్యం చూపడానికి రక్తం తెప్పించదు. అది కదిలి లోపలి పొరను గీరితే రక్తం వస్తుంది. తెలుగు వాక్యం ఇటువంటి చోట రాయిని కర్తగా నిలబెట్టదు, ‘వల్ల’తో కారణంగా చూపుతుంది: ‘రాళ్ళ వల్ల మూత్రంలో రక్తం పడవచ్చు.’ ఇన్ఫెక్షన్ వల్ల పడవచ్చు, ప్రోస్టేట్ గ్రంథి పెరగడం వల్ల పడవచ్చు, రక్తం పలచబడడానికి వాడే మందుల వల్ల పడవచ్చు, ఒక్కోసారి విపరీతమైన వ్యాయామం తరువాత కూడా పడవచ్చు. అనుమానం ఉంటే వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి మార్చి చూడండి. ‘గలదు’కు వ్యతిరేకం ‘లేదు’: మోయగలదు, మోయలేదు. ‘రాళ్ళు రక్తస్రావాన్ని కలిగించలేవు’ అని ఎవరైనా అంటారా? (‘ఇచ్చట గది అద్దెకు గలదు’ అన్న బోర్డులోని ‘గలదు’ వేరు, అది ‘ఉంది’ అన్న అర్థంలోనిది.)

అయితే ‘వచ్చు’కూ రెండు ముఖాలున్నాయి. ‘బీట్‌రూట్ తినవచ్చు’ అంటే అనుమతి. ‘బీట్‌రూట్ తింటే మూత్రం ఎర్రబడవచ్చు’ అంటే ఊహ. మొదటిదానికి వ్యతిరేకం ‘తినకూడదు’, రెండవదానికి ‘ఎర్రబడకపోవచ్చు’. ఈ రెండర్థాలూ ఒకే రూపంలో ఉండడం వల్లనే, వైద్య సలహా ఇచ్చే వాక్యంలో ‘వచ్చు’ను మరీ జాగ్రత్తగా వాడాలి. వయసు మళ్ళినవారికి, ముఖ్యంగా పొగతాగే అలవాటు ఉన్నవారికి, నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే, అది ఒక్కసారి కనిపించి ఆగిపోయినా సరే, మూత్రాశయ క్యాన్సర్ లేదని తేల్చుకోవలసిందే. అక్కడ ‘పరీక్ష చేయించుకోవచ్చు’ అని రాస్తే, మానేసినా పరవాలేదన్న అర్థం వస్తుంది. ‘చేయించుకోవాలి’ అనే రాయాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ మాట ఇందుకు భిన్నం. ఆ మందు మూత్రానికి నారింజ రంగు తేవడం మామూలే, అది రక్తమూ కాదు. కనుక అక్కడ ‘మూత్రం రంగు మారుతుంది’ అని నిశ్చయంగా చెబితేనే రోగి బెదిరి మందు మానడు.

‘క్యాన్సర్ ఉండే అవకాశం’ పత్రికల్లో పాతుకుపోయింది. అవకాశం అంటే చోటు, వీలు. కోరుకునేవాటికి అవకాశం, కోరనివాటికి ప్రమాదమో భయమో అనడం నాకు సమ్మతం. ‘క్యాన్సర్ కూడా కావచ్చు’ అంటే ఆ పేచీయే ఉండదు.

మీరు అడగకపోయినా, ‘ఎర్రగా’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ మాట పరిధి తెలుగులో చాలా పెద్దది. ఉల్లిపాయలు ఎర్రగా వేయించమంటే గోధుమరంగు వచ్చేదాకా అని అర్థం. మనిషి ఎర్రగా ఉన్నాడంటే మేనిచాయ. ఎండాకాలం నీళ్ళు చాలక ముదురు పసుపు రంగులో వచ్చే మూత్రాన్ని కూడా ‘వేడిచేసి ఎర్రగా వస్తోంది’ అంటాం. లీటరు మూత్రంలో ఒక మిల్లీలీటరు రక్తం కలిసినా రంగు మారుతుంది కనుక రంగును బట్టి ఎంత రక్తం పోయిందో చెప్పలేం గాని, ఏ రంగో స్పష్టంగా చెప్పడం మాత్రం అవసరం. పిల్లలకు గొంతునొప్పి తగ్గిన ఒకటి రెండు వారాలకు మూత్రం డికాషన్ రంగులో వస్తే వైద్యుని దృష్టి మూత్రపిండాల వాపు మీదికి పోతుంది. ‘ఎర్రగా వస్తోంది’ అని ఊరుకుంటే ఆ సూచన అందదు.

అలాగే ‘మూత్రంలో రక్తం’ అన్నప్పుడు ఆ ‘లో’ ఎప్పుడు పడిందో చెప్పదు. మొదట్లో మాత్రమే కనిపిస్తే మూత్రం బయటికి వచ్చే నాళం నుంచి, చివరి చుక్కల్లో కనిపిస్తే మూత్రాశయం మెడ దగ్గరి నుంచో ప్రోస్టేట్ నుంచో, మొదటి నుంచి చివరిదాకా కలిసివస్తే మూత్రాశయం, మూత్రపిండాలు, ఆ రెంటినీ కలిపే నాళాలలో ఎక్కడి నుంచైనా కావచ్చునని వైద్యులు ఊహిస్తారు. పరీక్షలు తేల్చేదాకా అది ఊహే కనుక, ఇక్కడ ‘కావచ్చు’ తప్ప వేరే మాట పొసగదు.