టెన్నిస్ జట్టు ఎంపికపై హైకోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయికి పదిహేనేళ్లు, జాతీయ ర్యాంకింగ్‌లో ముందు వరుసలో ఉంది. జూనియర్ బిల్లీ జీన్ కింగ్ కప్‌కు భారత జట్టు ఎంపిక త్వరలో ఉంటుందంటున్నారు. ర్యాంకు ఉన్నా, కారణం చెప్పకుండా పక్కన పెడితే ఏం చేయాలి? జాతీయ టెన్నిస్ సంఘం ప్రైవేటు సొసైటీ కాబట్టి కోర్టుకు వెళ్లినా లాభం లేదని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? – ఒక తండ్రి

జవాబు: వాళ్ల మాటలో సగమే నిజం. అఖిల భారత టెన్నిస్ సంఘం 1920లో ఏర్పడింది. అది ప్రభుత్వ శాఖ కాదు. కానీ రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకున్న రిట్ అధికారం, అంటే ఫలానా పని చేయమనో ఆపమనో ఆదేశించే అధికారం, ప్రభుత్వ శాఖలతోనే ఆగిపోదు. ప్రజలకు సంబంధించిన బాధ్యత ఎవరు నిర్వర్తిస్తున్నా, ఆ బాధ్యత మేరకు వాళ్లను కోర్టు ప్రశ్నించగలదు. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులోనూ, 2015లో బిహార్ క్రికెట్ సంఘం కేసులోనూ సుప్రీంకోర్టు క్రికెట్ బోర్డు విషయంలో ఈ మాటే చెప్పింది. టెన్నిస్‌కు అది వర్తించదనడానికి నాకు కారణమేమీ కనిపించదు.

దేశం పేరుతో జట్టును పంపడం ఏ క్లబ్బుకూ సొంత వ్యవహారం కాదు. పురుషుల జట్లు దేశాల తరఫున ఆడే డేవిస్ కప్ టెన్నిస్‌లో మనవాళ్లు 1966, 1974, 1987లలో ఫైనల్ చేరారు. 1974లో ఆస్ట్రేలియాను, సోవియట్ యూనియన్‌ను ఓడించి వచ్చిన జట్టు, ఎదుట ఉన్నది వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికా అని ఫైనలే ఆడలేదు. కప్పు వాళ్లకు వెళ్లిపోయింది. ఆ జట్టులోని అమృతరాజ్ సోదరులు, విజయ్, ఆనంద్, మంచి ఊపులో ఉన్న రోజులవి. దేశం మాట కోసం ఆటగాళ్ల చేత అంతటి అవకాశాన్ని వదిలించిన సంస్థ, ఒక అమ్మాయి కారణం అడిగితే 'మాది ప్రైవేటు వ్యవహారం' అంటే ఎలా చెల్లుతుంది?

అయితే 'మా పాపను జట్టులో వేయించండి' అని అడిగితే కోర్టు ఒప్పుకోదు. ఎవరు బాగా ఆడతారన్నది సెలెక్టర్ల పని. రెండు ఒలింపిక్ పతకాలు గెలిచిన కుస్తీ వీరుడు సుశీల్ కుమార్ 2016లో రియో ఒలింపిక్స్‌కు ముందు ఎంపిక పోటీ (ట్రయల్) పెట్టించమని వెళ్తే, ఢిల్లీ హైకోర్టు కుస్తీ సమాఖ్య నిర్ణయంలో వేలు పెట్టలేదు. మీరు అడగాల్సింది పద్ధతి గురించి: ఎంపిక ప్రమాణాలేమిటి, వాటిని ముందే ప్రకటించారా, అందరికీ ఒకేలా పాటించారా, సెలెక్టర్లలో ఎవరికైనా ఆటగత్తెతో బంధుత్వమో కోచింగ్ సంబంధమో ఉందా? ఇక్కడ తేడా కనబడితే కోర్టు వింటుంది.

అందుకే ఎంపిక జరిగేదాకా ఆగకండి. ప్రమాణాలు తెలియజేయమని ఇప్పుడే సంఘం కార్యదర్శికి మెయిల్ పంపి, అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో కూడా వేసి రసీదు దాచుకోండి. ఈనాటి ర్యాంకింగ్ పట్టికను తేదీ కనబడేలా ప్రింట్ తీసుకోండి, కొత్త పట్టిక వచ్చాక పాతది దొరక్కపోవచ్చు. కేంద్ర క్రీడాశాఖకు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తూ పెట్టొచ్చు కానీ, జవాబుకు 30 రోజుల గడువుంటుంది, దాని మీదే ఆధారపడొద్దు. జట్టు విమానం ఎక్కాక గెలిచే కేసు మీ పాపకు ఉపయోగపడదు.

ఇక ఎక్కడ వేయాలన్నది. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం ఇలాంటి వివాదాల కోసం ప్రత్యేక ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేయమంది. పిటిషన్ వేసే రోజుకు అది కేసులు తీసుకుంటోందేమో మీ లాయరు చూడాలి. తీసుకుంటుంటే ముందు అక్కడికే వెళ్లమని హైకోర్టు అనొచ్చు. లేకపోతే రిట్టే దారి. సంఘం ఢిల్లీలో ఉన్నా, వివాదానికి కారణంలో కొంత భాగమైనా ఇక్కడ పుట్టిందని చూపగలిగితే అమరావతిలో వేయొచ్చు. చూపలేకపోతే ఢిల్లీ హైకోర్టే, ఈ అభ్యంతరం మీద వారాలు పోగొట్టుకోవద్దు. పాప మైనరు కనుక పిటిషన్ ఆమె పేరునే, తండ్రిగా మీ ద్వారా వేస్తారు. అఫిడవిట్ మీద సంతకం మీరే చేయాలి.