ప్రాచీన గ్రీకు, రోమన్ పాలరాతి విగ్రహాలు మొదటి నుంచీ తెల్లగానే ఉండేవా?

లేదు, వాటిలో చాలావాటికి రంగులు వేసేవారు. ఇప్పుడు మ్యూజియాల్లో మనకు కనిపించే తెలుపు, పూత పోయాక మిగిలిన రాతి రంగు మాత్రమే. ఖనిజాల పొడులను మైనం వంటి బంధకాలతో కలిపి పూసేవారు కాబట్టి, శతాబ్దాల తరబడి ఎండకూ వానకూ మట్టికీ గురై ఆ పూత రాలిపోయింది. మిగిలిన కాస్త రంగు కూడా, తవ్వి తీశాక శుభ్రం చేసే పేరుతో కొన్నిచోట్ల పోయింది. 1863లో రోమ్ సమీపాన ప్రిమా పోర్టాలో దొరికిన అగస్టస్ చక్రవర్తి విగ్రహం మీద ఎరుపు, నీలం రంగుల జాడలు కనిపించాయి.

తెలుపే గ్రీకుల సౌందర్య ఆదర్శమని చాలామంది నమ్ముతారు గానీ, ఆ అభిప్రాయం రంగు వెలిసిన విగ్రహాలనే చూసిన తర్వాతి కాలపు ఐరోపా శిల్పుల వల్ల, 18వ శతాబ్దపు కళా చరిత్రకారుల వల్ల స్థిరపడినది. గ్రీకులకు రంగు వేసిన విగ్రహాలు మామూలేనని వారి సాహిత్యం కూడా చెబుతుంది: ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ నాటకంలో, అందానికి పేరుపడ్డ పురాణ పాత్ర హెలెన్, తన అందం విగ్రహం మీది రంగులా చెరిగిపోతే బాగుండునని వాపోతుంది.